పాల్ సబాటియర్, ఆయన పక్కన ఒక గురువు



మీ ఇంట్లో ఇంటర్మీడియట్‌లో సైన్సు చదివే అబ్బాయో అమ్మాయో ఉంటే, ఈ ఆదివారం పూజ అయ్యాక ఒక ప్రశ్న అడిగి చూడండి. సబాటియర్-సెండరెన్స్ చర్య అంటే ఏమిటని అడగండి. చప్పున చెబుతారు. ఇథిలీన్ వంటి వాయువును హైడ్రోజన్‌తో కలిపి, వేడి చేసిన నికెల్ పొడి మీదుగా పంపితే ఈథేన్ వస్తుందని అప్పజెబుతారు. ఆ వెంటనే రెండవ ప్రశ్న వేయండి. ఆ రెండు పేర్లు ఎవరివి? ఇక్కడ చాలామంది తల గోక్కుంటారు. మొదటి పేరు 1912లో నోబెల్ బహుమతి అందుకున్న ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞునిది. రెండవ పేరు ఒక కతోలిక గురువుది. ఉదయాన దివ్యబలిపూజ సమర్పించిన చేతులతోనే ప్రయోగశాలలో గాజు గొట్టాలు పట్టిన గురువు ఆయన.

ఈ వారం ఈ ఇద్దరి కథ చెప్పుకుందాం. ఇది మనకు దూరపు కథ కాదు. మీరు పొద్దున పళ్లు తోముకునే పేస్టు ఎండిపోకుండా మెత్తగా ఉండటానికి అందులో సాధారణంగా కలిపే సార్బిటాల్, మధుమేహం ఉన్నవారి కోసం చేసే చక్కెర లేని బిళ్లల్లోని తీపి, మన పత్తి గింజల నూనెను గడ్డ కట్టించి చేసిన వనస్పతి, ఇవన్నీ వాళ్లిద్దరూ వేసిన దారి వెంట వచ్చినవే.

పాల్ సబాటియర్ 1854 నవంబరు 5న దక్షిణ ఫ్రాన్సులోని కార్కసోన్‌లో పుట్టారు. పాత కోటగోడల పట్టణం అది. చదువులో చురుకైనవాడు కావడంతో 1874లో పారిస్‌లోని పేరుపొందిన ఎకోల్ నార్మాల్ కళాశాలలో చేరారు. 1877లో అధ్యాపక పరీక్షలో ప్రథముడిగా నిలిచారు. ఒక ఏడాది నీమ్ పట్టణంలో పాఠాలు చెప్పి, మళ్లీ పారిస్ వెళ్లి, ఆ కాలంలో ఫ్రాన్సు రసాయన శాస్త్రానికి పెద్దదిక్కయిన బెర్తెలో వద్ద సహాయకుడిగా చేరారు. 1880లో డాక్టరేటు వచ్చింది. అటువంటి పెద్ద మనిషి నీడన ఉంటే పారిస్‌లో పదవులకు కొదవ ఉండదు. అయినా సబాటియర్ దక్షిణాదికే తిరిగి వచ్చారు. బోర్డోలో కొద్దికాలం పనిచేసి 1882లో టూలూజ్ చేరారు. 1884లో అక్కడే ఆచార్యులయ్యారు. ఆ తరువాత మరణం వరకు ఆ ఊరు విడిచి పోలేదు.

టూలూజ్‌లో ఆయనకు తోడైనవారే జ్యాఁ బాప్తిస్త్ సెండరెన్స్ గురువులు. సబాటియర్ కంటే వయసులో చిన్నవారు. 1856లో పిరనీ కొండల వైపున్న బార్బషాఁ అనే పల్లెలో పుట్టారు. టూలూజ్ కతోలిక విద్యాసంస్థలో రసాయన శాస్త్రం బోధించేవారు.

ఇక్కడ ఒక్కక్షణం ఆగి ఆనాటి ఫ్రాన్సును తలచుకోవాలి. ప్రభుత్వానికీ శ్రీసభకూ నిప్పూ ఉప్పూ లాంటి కాలమది. కతోలిక ఉన్నత విద్యాసంస్థలు తమను విశ్వవిద్యాలయమని పిలుచుకోరాదని 1880లో చట్టమే వచ్చింది. 1905లో రాజ్యాన్నీ మతాన్నీ వేరుచేస్తూ మరో చట్టం వచ్చింది. చదువుకున్నవారిలో ఎందరో విజ్ఞానం ఒకవైపు, విశ్వాసం ఒకవైపు అని గీత గీసి కూర్చున్నారు. అట్టి రోజుల్లో ప్రభుత్వ విశ్వవిద్యాలయ ఆచార్యుడూ, కతోలిక సంస్థలోని గురువూ ఒకే బల్ల ముందు ఏళ్ల తరబడి పనిచేశారు. వాదించి గెలిచినవారు కారు వాళ్లు. కలిసి పనిచేసి చూపించారు.

వాళ్లకు పేరు తెచ్చిన పని ఎలా మొదలైందో చూడండి. 1896లో మ్వాసాన్, మూరో అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు అసిటలీన్ వాయువును నికెల్ పొడి మీదుగా పంపారు. పొడి ఎర్రగా కాలి వెలిగింది. లోహపు రంధ్రాలు వాయువును పీల్చుకోవడం వల్ల పుట్టిన వేడి అది అని వారు సరిపెట్టుకున్నారు. సబాటియర్‌కు ఆ మాట రుచించలేదు. అక్కడ ఏదో రసాయన మార్పు జరుగుతున్నదని ఆయన అనుమానం. అయినా వెంటనే తన ప్రయోగశాలలో మొదలుపెట్టలేదు. ఆ పరిశోధన మీరు కొనసాగిస్తారా అని ముందు మ్వాసాన్‌ను అడిగారు. కొనసాగించే ఉద్దేశం లేదని తెలిసిన తరువాతే తాను పూనుకున్నారు. పక్కవాడి చేనులో కాలు పెట్టేముందు గట్టు మీద నిలబడి అడిగే రైతు మర్యాద అది. గట్టు తగాదాలతో కోర్టుల చుట్టూ తిరిగే మనకు ఆ మర్యాద విలువ వేరే చెప్పాలా?

1897లో సబాటియర్, సెండరెన్స్ కలిసి ఇథిలీన్‌ను సుమారు 300 డిగ్రీల వేడిలో నికెల్ మీదుగా పంపారు. బయటికి వచ్చిన వాయువును పట్టి పరీక్షించారు. అందులో అధిక భాగం ఈథేన్. అంటే ఇథిలీన్‌లో కొంత విరిగి బొగ్గూ హైడ్రోజనూ అయింది. ఆ హైడ్రోజన్ మిగిలిన ఇథిలీన్‌కు అతుక్కుంది. అయితే హైడ్రోజన్‌ను మనమే ముందుగా కలిపి పంపితే? పంపారు. అంత వేడి కూడా అక్కరలేకుండానే పని జరిగిపోయింది. 1901లో బెంజీన్‌ను అలాగే మార్చారు. 1902లో బొగ్గుపులుసు వాయువును మీథేన్‌గా, నీటిగా మార్చారు. ఆ చివరి చర్య ఆధారంగా పనిచేసే యంత్రాన్ని 2010లో అంతరిక్ష కేంద్రంలో అమర్చారు. వ్యోమగాములు విడిచిన ఊపిరి నుండే నీళ్లు తీయడానికి.

ఆ రోజుల్లోనే సబాటియర్ ఇంట్లో చీకటి కమ్మింది. 1898లో ఆయన భార్య చనిపోయారు. నలుగురు ఆడపిల్లలు. ఆయన మళ్లీ పెళ్లి చేసుకోలేదు. ఇల్లూ ప్రయోగశాలా రెండూ మోశారు. మితభాషి అనీ, తోటపని అంటే, చిత్రకళ అంటే ఇష్టమనీ ఆయన గురించి రాసినవారు చెబుతారు. గొప్ప ప్రయోగాలన్నీ వరుసగా వచ్చిన సంవత్సరాలు ఆ దుఃఖపు సంవత్సరాలే.

ఇంతకీ ఆ నికెల్ చేసే పని ఏమిటి? దానిని ఉత్ప్రేరకం అంటారు. పాలు తోడుపెట్టినట్టు అని కొందరు ఉపమానం చెబుతారు గానీ అది సగమే నిజం. తోడు పాలలో కలిసి తానే పెరుగుతుంది. నికెల్ పెరగదు, తరగదు. హైడ్రోజన్‌ను తన మీదికి రానిస్తుంది, జంటగా ఉన్న పరమాణువులను విడదీస్తుంది, పక్కనే వచ్చి నిలిచిన మరో పదార్థానికి అందిస్తుంది, ఆపై చేయి వదిలేస్తుంది. మళ్లీ ఖాళీ చేతులతో తరువాతి దాని కోసం నిలబడుతుంది. గురువిద్యాలయంలో తత్త్వశాస్త్రం చదివే రోజుల్లో పునీత తోమస్ అక్వినాస్ చెప్పిన సాధన కారణం అనే భావనతో మేము కుస్తీ పట్టేవాళ్లం. వడ్రంగి చేతిలో ఉలి వంటిది సాధనం. ఈ నికెల్ సంగతి అప్పుడు తెలిసి ఉంటే ఆ పాఠం తేలికయ్యేది.

ఇందులో సబాటియర్ కనిపెట్టిన రహస్యం ఒకటుంది. దానిని నేటికీ ఆయన పేరుతోనే సూత్రంగా చెబుతారు. లోహం పదార్థాన్ని మరీ వదులుగా పట్టుకుంటే మార్పు జరగదు. మరీ గట్టిగా పట్టుకుంటే వదలదు, లోహమే మూసుకుపోయి పనికిరాకుండా పోతుంది. పట్టు తగినంతగా ఉండాలి. పట్టుకోవడం తెలియాలి, వదలడమూ తెలియాలి. గంధకం వంటివి నికెల్‌ను విడవకుండా పట్టుకుంటాయి. అవి ఏ కొంచెం తగిలినా నికెల్ చచ్చిపోతుంది. అందుకే దానిని విషం అన్నారు. పిల్లల్ని పెంచే తల్లిదండ్రులకూ, విచారణను నడిపే మా గురువులకూ ఈ సూత్రం వర్తిస్తుందని వేరే చెప్పనక్కరలేదు.

ఇంకొక సంగతి. నికెల్‌ను ముద్దగా వేస్తే ప్రయోజనం తక్కువ. లోపలి లోహానికి ఏ వాయువూ తగలదు. అందుకని దానిని నురుగురాయి వంటి సన్నని రంధ్రాలున్న పదార్థం మీద పరుస్తారు. ఆ పదార్థాన్ని ఆధారం అంటారు. మన కల్లాలు చూడండి. మిరపకాయను కుప్పగా పోస్తే లోపలి కాయకు ఎండ తగలక బూజు పట్టి తాలు అవుతుంది. పలుచగా పరిస్తే ప్రతి కాయా ఎండుతుంది. లోహానికి ఆ ఆధారం కల్లం వంటిది. అది లోహపు రేణువుల్ని విడివిడిగా నిలుపుతుంది, వేడికి ఒకదానికొకటి అంటుకుని ముద్ద కాకుండా కాపాడుతుంది. మిర్చి యార్డులో కాయకు ధర కడతారు, కల్లానికి కట్టరు. కానీ కల్లం లేనిదే కాయ లేదు.

ఇక చక్కెర దగ్గరికి వద్దాం. సార్బిటాల్ అనే తీపి పదార్థాన్ని 1872లో బూసాంగో అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఒక చెట్టు పండ్లలో కనుగొన్నాడు. గ్లూకోజుకు ఒక జత హైడ్రోజన్ పరమాణువులు చేర్చితే వచ్చేది అదే. 180 గ్రాముల గ్లూకోజుకు 2 గ్రాముల హైడ్రోజన్ చేరితే 182 గ్రాముల సార్బిటాల్. లెక్కలో ఇంత తేలికే. కానీ సబాటియర్ పద్ధతి ఆవిరిగా మారే పదార్థాలకు. చక్కెరను వేడి చేస్తే ఆవిరి కాదు, మాడిపోతుంది. ఇక్కడ ఆయన దారి ఆగింది. రష్యా శాస్త్రజ్ఞుడు ఇపాతియెఫ్ అధిక పీడనంలో ద్రవాలతోనే ఈ పని చేయవచ్చని చూపాడు. చక్కెరను నీటిలో కరిగించి, నూరు డిగ్రీలు దాటిన వేడిలో, వాతావరణ పీడనానికి అనేక పదుల రెట్ల ఒత్తిడితో హైడ్రోజన్‌ను ఎక్కిస్తే గ్లూకోజు సార్బిటాల్ అవుతుంది. అమెరికాలో మర్రే రానీ అనే ఇంజనీరు 1920లలో రంధ్రాలతో నిండిన మరింత చురుకైన నికెల్‌ను తయారుచేశాడు. దేనికోసమంటారా? పత్తి గింజల నూనెను గడ్డ కట్టించడానికి. తరువాత అదే నికెల్ చక్కెర పనికీ ఎంతో వాడుకలోకి వచ్చింది.

నికెల్‌లో ఒక లోపం ఉంది. కొంచెం కొంచెంగా పాకంలోకి కరుగుతుంది. తినే పదార్థం కనుక దానిని శుద్ధిచేసి తీసివేయాలి. అందుకే రుథీనియం అనే ఖరీదైన లోహాన్ని బొగ్గుపొడి మీద పలుచగా పరిచి కూడా వాడుతున్నారు. నూరు పాళ్లలో అయిదు పాళ్ల లోహం ఉంటే చాలు. మిగిలినదంతా ఆధారమే. మొక్కజొన్న కండెల్లోని జైలోజ్ అనే చక్కెరను ఇలాగే నికెల్ మీద జైలిటాల్‌గా మారుస్తారు. మన పత్తి కట్టెలోనూ ఆ చక్కెరను ఇచ్చే పదార్థం ఉంది. పత్తి ఏరాక చేలో నిలిచిన కట్టెను పీకి తగలబెట్టేటప్పుడు ఈ మాట ఒకసారి గుర్తు చేసుకోండి.

మన మిరపకూ ఇందులో ఒక చిన్న పాలు ఉంది. విటమిన్ సి ని దండిగా వేరుచేయడానికి హంగరీలో సెంట్-జోర్జీ అనే శాస్త్రజ్ఞునికి 1930లలో దొరికిన మూలం మిరపజాతి కాయే. దాదాపు అదే సమయంలో స్విట్జర్లాండులో రైక్‌స్టైన్ దానిని ప్రయోగశాలలో తయారుచేసే దారి వేశాడు. ఆ దారిలో మొదటి మెట్టు, గ్లూకోజును ఉత్ప్రేరకం మీద సార్బిటాల్‌గా మార్చడం. పచ్చిమిరపకాయకు దేవుడు ఇచ్చినదాన్ని బిళ్లగా చేయడానికి మనిషికి ఇంత లోహం, ఇంత ఒత్తిడి కావలసి వచ్చింది.

ఈ విద్య అంతా మేలే చేసిందని చెప్పను. నూనెను సగం గడ్డ కట్టించినప్పుడు పుట్టే ట్రాన్స్ కొవ్వులు గుండెకు చేటని తేలింది. మన దేశంలోనూ 2022 జనవరి నుండి వాటిని నూటికి రెండు పాళ్లకు మించనివ్వడం లేదు. సార్బిటాల్ కూడా మోతాదు మించితే కడుపు జారుతుంది. మధుమేహం ఉన్నవారు అది చక్కెర కాదు గదా అని గుప్పెళ్లతో తినరాదు. అందులోనూ శక్తి ఉంది. నికెల్‌కు మంచి చెడు తెలియదు. తెలియవలసింది మనకు.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. 1905లో ఫ్రెంచి శాస్త్ర అకాడమీ ఇచ్చిన జెకర్ బహుమతిని సబాటియర్, సెండరెన్స్ ఇద్దరూ పంచుకున్నారు. ఆ తరువాత వారి దారులు వేరయ్యాయి. సబాటియర్ మరో సహచరునితో కొనసాగారు. సెండరెన్స్ గురువులు తమ సంస్థలో సొంతంగా పరిశోధన సాగించారు. 1912లో నోబెల్ బహుమతి ప్రకటించారు. సగం గ్రిన్యార్ అనే మరో ఫ్రెంచి శాస్త్రజ్ఞునికి, సగం సబాటియర్‌కు. సెండరెన్స్ గురువుల పేరు లేదు. తొలి ప్రయోగం నాటి నుండి పక్కన నిలబడిన మనిషి పేరు లేదు. ఇది అన్యాయం కాదా అని మీకు అనిపించవచ్చు. గ్రిన్యార్‌కూ అలాగే అనిపించింది. సబాటియర్‌తో సెండరెన్స్‌కూ, తనతో తన గురువైన బార్బియేకూ కలిపి ఇచ్చి ఉంటే బాగుండేదని ఆయన ఉత్తరంలో రాసుకున్నారు.

సబాటియర్ ఏం చేశారు? స్టాక్‌హోంలో బహుమతి ప్రసంగం చేస్తూ, ఈ పనులు సెండరెన్స్‌తో కలిసి చేశామని చెప్పారు. పేరు పొందినవాడు పేరు పొందనివాని పేరు పలకడం చిన్న సంగతి కాదు. అయితే ఆ మాటతో బాకీ తీరిపోయిందని కూడా నేను అనను. లోకం గుర్తుంచుకునేది ప్రసంగాన్ని కాదు, పతకాన్ని.

మరి సెండరెన్స్ గురువులు? పని మానలేదు. ఆల్కహాలు నుండి నీటిని తీసివేసి ఈథర్ చేసే ఉత్ప్రేరకాల మీద ఏళ్ల తరబడి శ్రమించారు. చివరికి తాము పుట్టిన పల్లె బార్బషాఁలోనే ప్రయోగశాల పెట్టుకున్నారు. 1922లో అకాడమీ ఆయనను తన కరస్పాండెంటుగా ఎన్నుకుంది. 1937లో ఆ ఊరిలోనే కన్నుమూశారు.

సబాటియర్ కూడా తన ఊరినే పట్టుకున్నారు. 1907లో మ్వాసాన్ చనిపోయినప్పుడు పారిస్‌లోని ఆ పీఠానికి పిలుపు వచ్చింది. వెళ్లలేదు. పారిస్‌లో ఉండనివారికి అకాడమీలో పూర్తి సభ్యత్వం ఇవ్వరాదన్నది పాత నియమం. ఆయన ఊరు వదలలేదు, అకాడమీయే నియమం మార్చుకుంది. 1913లో బయటి ఊళ్లవారికోసం కొత్త విభాగం పెట్టి, మొట్టమొదట ఆయననే ఎన్నుకుంది. 1905 నుండి 1929 వరకు ఆయన టూలూజ్‌లో విజ్ఞాన విభాగానికి అధిపతిగా ఉండి, రసాయన, విద్యుత్తు, వ్యవసాయ విద్యలకు సంస్థలు నెలకొల్పడంలో ముందు నిలిచారు. 1941 ఆగస్టు 14న, యుద్ధపు రోజుల్లో, అక్కడే కన్నుమూశారు. మన పల్లెల నుండి చదువుకున్న బిడ్డలు గుంటూరుకు, అక్కడినుండి హైదరాబాదుకు, అమెరికాకు పోతున్నారు. పోవడం తప్పని నేననను. ఉన్నచోట ఉండి కూడా లోకానికి పనికిరావచ్చని చెప్పడానికి ఒక జీవితం ఉంది, అంతే.

ప్రియ పాఠకులారా, మన గుళ్లలోకి ఒకసారి తల ఎత్తి చూడండి. ఫ్యాను రెక్కల మీద దాత పేరు. బెంచీ వీపు మీద పేరు. గోడకు శిలాఫలకం, అందులో ఎవరి పేరు పైన, ఎవరి పేరు కింద అని తగాదా. పేరు లేదని ఆదివారం పూజకు రావడం మానుకున్నవారిని మీరూ ఎరుగుదురు, నేనూ ఎరుగుదును. ఆ గుడికి పునాది రాళ్లు మోసిన కూలీల పేర్లు, తెల్లవారకముందే లేచి పీఠం ముందు ఊడ్చే తల్లి పేరు ఏ రాతి మీదా ఉండవు. మీలో కొందరు సెండరెన్స్ గురువుల స్థానంలో ఉన్నారు. పని చేశారు, పేరు రాలేదు. మీ బాధ నిజమైనదే. కానీ ఆ బాధను గంధకంలాగా పట్టుకుని ఉంటే మీలోని నికెల్ చచ్చిపోతుంది. మీలో కొందరు సబాటియర్ స్థానంలో ఉన్నారు. పేరు మీకు వచ్చింది. అయితే పక్కనున్నవారి పేరు పదిమందిలో పలకండి. అది దయ కాదు, బాకీ. యొర్దాను ఒడ్డున స్నాపక యోహాను ప్రభువును చూపించి తాను పక్కకు తొలిగారు. శ్రీసభ మాత్రం ఆయన పేరు మరువలేదు.

చివరిగా ఒక్క మాట. నోబెల్ సంఘం వదిలేసిన ఆ పేరును మన ఇంటర్మీడియట్ పుస్తకం వదలలేదు. మన పల్నాడులో, ఒంగోలులో, చీరాలలో పిల్లలు సబాటియర్ పేరు పక్కనే సెండరెన్స్ పేరునూ బట్టీపడుతున్నారు. ఎవరో తెలియకపోయినా పలుకుతున్నారు. ఈసారి మీ బిడ్డ పుస్తకం తెరిచినప్పుడు, ఆ రెండవ పేరు మీద వేలుపెట్టి, ఈయన మన గురువొకరు అని చెప్పండి.

పట్టుకోవలసిన చోట పట్టుకునే బలమూ, వదలవలసిన చోట వదిలే మనసూ ప్రభువు మనకు దయచేయునుగాక.